డల్విచ్ కాగితాలు: ఒక నాటకశాల పనితనం

దక్షిణ లండన్‌లోని డల్విచ్ కళాశాలలో భద్రంగా ఉన్న పాత కాగితాల్లో ఒక నటుడి పోర్షన్ ఉంది. సుమారు ఆరంగుళాల వెడల్పున్న కాగితపు పట్టీలను ఒకదాని కింద ఒకటి అతికించి, చుట్టగా చుట్టుకునేలా తయారుచేశారు. రాబర్ట్ గ్రీన్ రాసిన ‘ఓర్లాండో ఫ్యూరియోసో’ నాటకంలో ఓర్లాండో పాత్రధారి చెప్పవలసిన మాటలు మాత్రమే ఇందులో ఉన్నాయి. మిగతా పాత్రల సంభాషణలు లేవు. ప్రతి సంభాషణకూ ముందు అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఆ గీత చివర ఎదుటి పాత్ర మాటల్లోంచి ఆఖరి రెండు మూడు పదాలు ఉంటాయి. ఆ పదాలు చెవిన పడగానే నటుడు అందుకోవాలి. అవి ఎవరి నోట వస్తాయో, ఎంతసేపటికి వస్తాయో కాగితం చెప్పదు.

దీన్ని ఎత్తిరాసిన లేఖకుడికి మూలప్రతిలో కొన్ని పదాలు అంతుపట్టలేదు. తోచింది రాసేయకుండా అక్కడ ఖాళీ వదిలాడు. తరువాత వేరొక చేయి ఆ ఖాళీలను నింపింది. ఆ చేయి నటుడు ఎడ్వర్డ్ అలెన్‌దని పండితుల అభిప్రాయం. నాటకకర్త మార్లో సృష్టించిన టాంబర్లేన్, ఫాస్టస్, బరబాస్ పాత్రలకు రంగస్థలం మీద ప్రాణం పోసిన మహానటుడు అతను. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లండ్‌లో వృత్తి నటుల కోసం ఇలాంటి పోర్షన్లు వేలకొద్దీ తయారై ఉండాలి. ఒక్కో నాటకానికి ఎన్ని పాత్రలో అన్ని పోర్షన్లు కావాలి కదా! వాటన్నిటిలో నేటికి మిగిలింది ఇదొక్కటే.

ఆ కాలపు నాటకాన్ని మనం అచ్చు పుస్తకంలో చదువుతాం. అందులో పాత్రలన్నీ ఒకే పుటమీద వరుసగా మాట్లాడతాయి. కాని నటుడికి నాటకం అలా పరిచయం కాలేదు. అతని చేతికి వచ్చింది తన మాటలూ, వాటికి అందింపు పదాలూ మాత్రమే. వేదిక మీద అతను ఎదుటివాడి మాటలను నిజంగానే వినాలి. వినకపోతే తన వంతు తప్పిపోతుంది. నటనలో అంత చురుకుదనాన్ని ఈ పట్టీల తయారీయే కోరింది. కాగితాన్ని పొదుపు చేయడానికి, ఎత్తిరాత పని తగ్గించడానికి పుట్టిన పద్ధతి ఒక నటనా సంప్రదాయాన్నే మలిచింది. డల్విచ్ సేకరణ గొప్పదనం ఇక్కడే ఉంది. ఇందులోని కాగితాల్లో చాలాభాగం ఒకనాటి పనిముట్లు. వాటిని పనిముట్లుగా చదివినప్పుడే ఆనాటి నాటకశాల మన కళ్లముందు నడుస్తుంది.

సేకరణ ఎలా కుదిరింది

ఈ కాగితాల వెనుక ఇద్దరున్నారు. ఒకడు ఫిలిప్ హెన్స్‌లో. థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున, బ్యాంక్‌సైడ్‌లో, 1587లో రోజ్ నాటకశాల కట్టించిన వ్యాపారి. ఇళ్లు అద్దెకిచ్చేవాడు, తాకట్టు వ్యాపారం నడిపేవాడు, ఎలుగుబంట్ల మీదికి కుక్కలను ఉసిగొలిపే పందేల్లోనూ పెట్టుబడి పెట్టేవాడు. రెండోవాడు అలెన్. 1592 అక్టోబర్‌లో అలెన్ హెన్స్‌లో సవతి కూతురు జోన్ వుడ్‌వర్డ్‌ను పెళ్లాడాడు. అప్పటినుంచి మామా అల్లుళ్లు వ్యాపారంలో భాగస్వాములయ్యారు. 1600లో నగరానికి ఉత్తరాన ఫార్చ్యూన్ నాటకశాలను కట్టించారు.

అలెన్ సంపాదించిన డబ్బుతో డల్విచ్ భూములు కొని, 1619లో అక్కడ ఒక ధర్మసంస్థను స్థాపించాడు. పేద పిల్లలకు చదువు, వృద్ధులకు ఆశ్రయం దాని ఉద్దేశం. దానికి ‘దేవుడిచ్చిన కానుక’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1616లో హెన్స్‌లో చనిపోయాక అతని కాగితాలు అలెన్ చేతికి వచ్చాయి. 1626లో అలెన్ పోయాక ఇద్దరి కాగితాలూ ఆ సంస్థలోనే నిలిచిపోయాయి. నాటక బృందాలు కలిసి, విడిపోయి, చెదిరిపోయాయి. నాటకశాలలు కాలిపోయాయి, కూల్చివేతకు గురయ్యాయి. 1642లో పార్లమెంటు నాటకాలనే ఆపించింది. ఆ ఒడిదుడుకులన్నిటిలో ఈ కాగితాలకు ఒక నీడ దొరకడానికి కారణం ఒక నటుడు పెట్టిన బడి.

పద్దుల పుస్తకం

సేకరణకు గుండెకాయ హెన్స్‌లో పద్దుల పుస్తకం. పండితలోకం దీన్ని ‘హెన్స్‌లో డైరీ’ అంటుంది. నిజానికి ఇది దినచర్య రాసుకున్న పుస్తకం కాదు, లెక్కల పుస్తకం. మొదట దీన్ని హెన్స్‌లో సోదరుడు జాన్ వాడాడు. 1570ల చివర్లో, ఆష్‌డౌన్ అడవికి సంబంధించిన లెక్కలు అందులో రాసుకున్నాడు. మిగిలిన తెల్ల కాగితాన్ని వృథా చేయడం ఇష్టంలేక హెన్స్‌లో పుస్తకాన్ని తిరగేసి, 1592 నుంచి నాటకశాల లెక్కలు మొదలుపెట్టాడు. అంటే ఆంగ్ల నాటకరంగ చరిత్రకు అతిముఖ్యమైన ఈ ఆధారం ఒక పాత పుస్తకంలో మిగిలిపోయిన కాగితాల మీద రాసింది.

1592 ఫిబ్రవరి 19 నుంచి వరుసగా నాటకాల రాబడి కనిపిస్తుంది. ఒక్కో పంక్తిలో నాటకం పేరు, తేదీ, అందిన సొమ్ము. అంతకుమించి ఒక్క మాట లేదు. మార్చి 3న ఆరో హెన్రీ పేరుతో ఉన్న నాటకానికి 3 పౌన్ల 16 షిల్లింగుల 8 పెన్నీలు. 1594 జనవరిలో ‘టైటస్ ఆండ్రానికస్’. అదే ఏడాది జూన్‌లో, న్యూయింగ్టన్ బట్స్ అనే చోట ఆడిన ‘హామ్లెట్’ అనే నాటకానికి 8 షిల్లింగులే. అది షేక్‌స్పియర్ హామ్లెట్‌కు ముందటి పాత నాటకమని సాధారణంగా భావిస్తారు. సెప్టెంబర్ 30న ‘డాక్టర్ ఫాస్టస్’, 3 పౌన్ల 12 షిల్లింగులు. పేర్లను హెన్స్‌లో చెవికి వినిపించినట్టే రాసుకున్నాడు. ఒకే నాటకం పేరు పుటకో రకంగా ఉంటుంది. అయినా తేదీ, సొమ్ము, పేరు అనే మూడు అంశాల వరుసను మాత్రం ఏళ్ల తరబడి కాపాడాడు.

ఈ పంక్తులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఆ నాటకశాల వేగం అర్థమవుతుంది. సోమవారం ఆడిన నాటకం మంగళవారం ఉండదు. వారంలో దాదాపు ప్రతిరోజూ వేరే నాటకం. రెండు మూడు వారాలకు ఒక కొత్త నాటకం వచ్చి చేరుతుంది. పాతవాటిలో జనం ఇష్టపడినవి మళ్లీ మళ్లీ వస్తాయి, రాబడి తగ్గినవి తప్పుకుంటాయి. అలెన్ లాంటి నాయక నటుడు ఒకే కాలంలో ఎన్నో పెద్ద పాత్రలను నోట పెట్టుకుని ఉండాలి. ఇప్పుడు ఓర్లాండో పోర్షన్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. అంత తేలిక చుట్ట, అంత క్లుప్తమైన అందింపు ఎందుకు కావలసివచ్చాయో పద్దుల పుస్తకం చెబుతుంది. ఒక కాగితానికి మరో కాగితం సాక్ష్యం పలకడం ఈ సేకరణ అంతటా కనిపించే గుణం.

కొన్ని నాటకాల పక్కన హెన్స్‌లో రెండక్షరాల గుర్తు ఒకటి వేశాడు. కొత్త నాటకమని దాని అర్థమా, కొత్తగా అనుమతి పొందినదా, తిరిగి దిద్దినదా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తన కోసం తాను రాసుకున్నవాడు వివరణ ఇవ్వడు. ఆ మౌనాన్ని కూడా గౌరవించవలసిందే.

1597 తరువాత పుస్తకం స్వభావం మారుతుంది. రోజువారీ రాబడికి బదులు తన నాటకశాలలో ఆడే నటబృందానికి ఇచ్చిన అప్పులు, రచయితలకు ముట్టజెప్పిన సొమ్ము, దుస్తులకూ సరంజామాకూ పెట్టిన ఖర్చు ప్రధానమవుతాయి. ఇక్కడ డెక్కర్, జాన్సన్, చాప్‌మన్, డ్రేటన్, హేవుడ్, చెటిల్, మండే, వెబ్‌స్టర్, మిడిల్టన్ లాంటి నాటకకర్తలు వరుసగా కనిపిస్తారు. ఒక నాటకానికి ఆరు పౌన్ల ప్రాంతంలో దక్కేది. ఆ సొమ్మూ ఒక్కసారిగా రాదు. కొంత బయానా, ఒక అంకం చూపించాక కొంత, పూర్తిచేశాక మిగతాది. ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి నలుగురైదుగురు కలిసి ఒకే నాటకం రాశారు. ఒంటరి మేధావి దీపం ముందు కూర్చుని మహాకావ్యం సృష్టించే చిత్రం ఈ పుస్తకంలో కనిపించదు. పంచుకున్న పని, గడువు, అప్పు కనిపిస్తాయి.

రచయితలు సొమ్ము అందుకుని స్వహస్తాలతో సంతకం చేసిన చోట్లు కూడా ఉన్నాయి. 1598లో డెక్కర్ అప్పుకింద జైలు పాలైతే అతన్ని విడిపించడానికి బృందానికి 40 షిల్లింగులు అప్పిచ్చినట్టు ఒక పద్దు ఉంది. అదే ఏడాది కొత్త నాటకాన్ని బృందానికి చదివి వినిపించడానికి న్యూ ఫిష్ వీధిలోని ‘సన్’ సత్రంలో కూర్చున్నప్పుడు ఐదు షిల్లింగులు ఖర్చయ్యాయి. 1602 నవంబర్‌లో ‘డాక్టర్ ఫాస్టస్’లో చేర్పులు చేసినందుకు విలియం బర్డ్, శామ్యూల్ రౌలీ అనే ఇద్దరికి నాలుగు పౌన్లు ముట్టాయి. మార్లో అప్పటికి చనిపోయి తొమ్మిదేళ్లు దాటింది. ఈ రోజు మనం చదివే ఫాస్టస్‌కు రెండు వేర్వేరు పాఠాలు ఎందుకున్నాయన్న చర్చలో ఈ ఒక్క పంక్తి ఎంత బరువు మోస్తుందో సాహిత్య విద్యార్థులకు తెలుసు.

1603లో థామస్ హేవుడ్ ‘ఎ వుమన్ కిల్డ్ విత్ కైండ్‌నెస్’ రాశాడు. అతనికి దక్కింది మొత్తం ఆరు పౌన్లు. ఆ నాటకంలో కథానాయిక పాత్రకు కుట్టించిన నల్ల వెల్వెట్ గౌనుకు అయింది 6 పౌన్ల 13 షిల్లింగులు. నాటకం కన్నా గౌను ఖరీదు ఎక్కువ. ఇందులో రచయితకు జరిగిన అవమానం వెతకనక్కరలేదు. ఎలాంటి తెరలూ, చిత్రించిన దృశ్యాలూ లేని వేదిక మీద, పగటి వెలుగులో, ప్రేక్షకుడి కంటికి విందు చేయవలసింది దుస్తులే. వెల్వెట్ గౌను అనేక నాటకాల్లో పనికొస్తుంది కూడా. బృందం తన సొమ్మును ఎక్కడ పెట్టిందో చూస్తే ఆ రంగస్థల సౌందర్యం ఎక్కడుందో తెలుస్తుంది. హెన్స్‌లో కొనుగోళ్ల జాబితా ఒకదానిలో అదృశ్యంగా తిరగడానికి ఒక అంగీ కొన్నట్టు రాసి ఉంది! అది తొడుక్కున్న నటుడు ఎదురుగా నిలబడి ఉన్నా, కనబడడం లేదని ప్రేక్షకులు ఒప్పుకుంటారన్నమాట. ఆనాటి వేదికకూ ప్రేక్షకుడికీ మధ్య ఉన్న ఒప్పందం గురించి ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన సిద్ధాంత గ్రంథం లేదు.

మేకుకు వేలాడిన అట్ట

ఓర్లాండో పోర్షన్ వేదిక మీది నటుడి పనిముట్టు అయితే, వేదిక వెనుక పనిముట్టు మరొకటి ఈ సేకరణలోనే ఉంది. అది ‘సెవెన్ డెడ్లీ సిన్స్’ రెండో భాగం అనే నాటకానికి తయారుచేసిన ప్రవేశాల పట్టిక. పెద్ద కాగితాన్ని అట్టకు అతికించారు. నిలువుగా రెండు వరుసలు, వాటిని విడగొడుతూ అడ్డగీతలు. ఒక్కో గడిలో ఎవరు ప్రవేశించాలి, ఏ వస్తువుతో రావాలి అనే వివరం. పై అంచు దగ్గర ఒక రంధ్రం. దాన్ని తెరవెనుక మేకుకు తగిలించేవారు.

కథ ఇందులో లేదు. నిద్రిస్తున్న ఆరో హెన్రీ, వ్యాఖ్యాతగా కవి లిడ్‌గేట్, ఈర్ష్య, సోమరితనం, కామం అనే మూడు పాపాలకు ఒక్కో కథ చొప్పున మూడు కథలు. పట్టిక ఆధారంగా మనం ఊహించుకోగలిగింది ఇంతే. నాటకం రాతప్రతి పోయింది. కాని పాత్రల పేర్ల పక్కన నటుల పేర్లున్నాయి. రిచర్డ్ బర్బేజ్, థామస్ పోప్, ఆగస్టీన్ ఫిలిప్స్, రిచర్డ్ కౌలీ. తరువాతి కాలంలో షేక్‌స్పియర్‌తో కలిసి పనిచేసిన వాళ్లే వీరు. ఆడవేషాలు వేసిన కుర్రవాళ్ల పేర్లు మాత్రం నిక్, సాండర్ అన్నట్టు ముద్దుపేర్లుగానే ఉన్నాయి. ఈ పట్టిక 1590 ప్రాంతానిదా, ఆ దశకం చివరిదా అన్న వివాదం ఇంకా సాగుతోంది.

దీని తయారీని గమనించండి. అక్షరాలు పెద్దవి, నిలబడి దూరం నుంచి చూసినా కనబడేలా రాశారు. గడి దాటగానే ప్రవేశం మారుతుంది. హడావుడిలో ఉన్నవాడు ఒక్క చూపులో తన చోటు పట్టుకోవాలి. తేలిగ్గా వేలాడాలి, నలగకూడదు, అందుకే అట్ట. ఒకే నటుడు రెండు మూడు వేషాలు వేసే బృందంలో ఎవరు ఎప్పుడు ఖాళీగా ఉన్నారో ముందే లెక్క కట్టినవాడే దీన్ని గీయగలడు. ఆ లెక్కకట్టినవాడి పేరు చరిత్రకెక్కలేదు, పని మాత్రం మిగిలింది. ఈ అట్టను తరువాత ఎవరో ‘టెల్‌టేల్’ అనే మరో నాటకం రాతప్రతికి పై అట్టగా వాడుకున్నారు. అలా మరో పనిలో పడడం వల్లే అది బతికి బయటపడింది.

వడ్రంగి ఒప్పందం

1600 జనవరి 8న హెన్స్‌లో, అలెన్ ఇద్దరూ పీటర్ స్ట్రీట్ అనే వడ్రంగితో ఒప్పందం రాసుకున్నారు. గోల్డింగ్ లేన్ పక్కన ఫార్చ్యూన్ నాటకశాల కట్టాలి. ఖరీదు 440 పౌన్లు. ఇదే పీటర్ స్ట్రీట్ అంతకుముందటి ఏడాది గ్లోబ్ నాటకశాలను నిలబెట్టినవాడు.

ఆనాటి నాటకశాలలేవీ ఈ రోజు నిలిచి లేవు. అందుకే ఈ ఒప్పందంలోని ప్రతి కొలతా బంగారం. కట్టడం చదరంగా ఉండాలి. బయట నాలుగు వైపులా 80 అడుగులు, లోపల 55 అడుగులు. ఇటుక, సున్నం, ఇసుకతో పునాది నేలమీదికి కనీసం అడుగు ఎత్తు రావాలి. మూడు అంతస్తులు, వాటి ఎత్తులు వరసగా 12, 11, 9 అడుగులు. వేదిక పొడవు 43 అడుగులు, అది ముందుకు సాగి ఆవరణ నడిమధ్య వరకూ రావాలి. దొరలకు ప్రత్యేకమైన గదులు నాలుగు ఉండాలి. ప్రధాన స్తంభాలు చతురస్రంగా చెక్కి, వాటిపైన సాటిర్ బొమ్మలు నిలపాలి. రంగులు వేయించే బాధ్యత మాత్రం వడ్రంగిది కాదు.

ఆవరణ మధ్య దాకా వేదిక రావాలన్న ఆ ఒక్క షరతు ఎంత చెబుతుందో ఆలోచించండి. నటుడికి మూడు వైపులా జనం ఉంటారు. ఒక్క పెన్నీ ఇచ్చి నిలబడి చూసేవాళ్ల మధ్యలోకి అతను నడిచి వస్తాడు. మనసులోని మాట పైకి చెప్పుకునే స్వగతం ఆ చోటులో ప్రేక్షకుడితో నేరుగా మాట్లాడడం అవుతుంది. ఆనాటి నాటకకర్తలు ఎందుకు అలా రాశారో తెలియాలంటే వడ్రంగికి ఇచ్చిన కొలత చదవాలి.

ఒప్పందంలో చాలాచోట్ల ‘గ్లోబ్ లాగా’ అన్న మాట వస్తుంది. రాసుకున్న ఇద్దరికీ గ్లోబ్ తెలుసు, కట్టేవాడికి ఇంకా బాగా తెలుసు. జతపరచిన పటం పోయింది. గ్లోబ్‌ను తిరిగి ఊహించాలనుకునే పరిశోధకులకు ఆ మాట ఊరటా, చిక్కూ రెండూ. ఒప్పందం వెనుక స్ట్రీట్‌కు విడతలవారీగా చెల్లించిన సొమ్ము కూడా నమోదైంది. 1613 ఆగస్టు 29న గిల్బర్ట్ క్యాథరెన్స్‌తో రాసుకున్న హోప్ నాటకశాల ఒప్పందం కూడా ఇక్కడే ఉంది, ఖరీదు 360 పౌన్లు. అక్కడ నాటకాలతో పాటు ఎలుగుబంటి పందేలు కూడా జరుగుతాయి కాబట్టి వేదిక ఎప్పటికప్పుడు తీసేయగలిగేలా ఉండాలని షరతు. పైకప్పు కూడా వేదిక మీద స్తంభాలు లేకుండా నిలవాలి. అవసరం ఎంత వింతదైనా దాన్ని కొలతగా మార్చి చెప్పగల నేర్పు ఈ ఒప్పందాల్లో ఉంది.

ఉత్తరాలు

1593 వేసవిలో లండన్‌ను ప్లేగు చుట్టుముట్టింది. నాటకశాలలు మూతపడ్డాయి. కొత్తగా పెళ్లయిన అలెన్ బృందంతో ఊళ్లు తిరగడానికి వెళ్లాడు. ఆగస్టు 1న బ్రిస్టల్ నుంచి భార్య జోన్‌కు ఉత్తరం రాశాడు. ఆమెను ముద్దుగా ‘చిట్టెలుకా’ అని పిలిచాడు. ఇల్లు శుభ్రంగా ఉంచమన్నాడు, రోజూ సాయంత్రం వాకిట్లో, పెరట్లో నీళ్లు చల్లమన్నాడు, కిటికీల్లో సదాపాకు పెట్టమన్నాడు. ప్లేగు నుంచి కాపాడతాయని ఆనాటి నమ్మకం. ఇంటి కబుర్లేవీ రాయలేదని చిన్న అలక కూడా ఉంది. తన నారింజరంగు మేజోళ్లకు నల్లరంగు వేయించమన్నాడు. సెప్టెంబర్‌లో పార్‌స్లీ మడిలో పాలకూర విత్తమన్నాడు. జవాబును ష్రూస్‌బరీకో, చెస్టర్‌కో, యార్క్‌కో పంపి, తాము, అంటే లార్డ్ స్ట్రేంజ్ నటులు, వచ్చేదాకా అక్కడ ఉంచమన్నాడు. ఈ ఒక్క సూచనతో బృందం తిరిగిన దారి మనకు తెలుస్తోంది.

హెన్స్‌లో రాసిన జవాబులు కూడా మిగిలాయి. పాలకూర మడి సంగతి మరచిపోలేదని, మేజోళ్లకు రంగు వేయించామని చెప్పాడు. ఆ కబుర్ల మధ్యనే మరో వార్త. రాబర్ట్ బ్రౌన్ అనే నటుడి భార్య, పిల్లలు, ఇంటిల్లిపాదీ షోర్డిచ్‌లో ప్లేగుతో చనిపోయారు, ఇంటి తలుపులు మూసేశారు. సెప్టెంబర్ ఉత్తరంలో పెంబ్రోక్ నటబృందం ఊళ్లు తిరిగితే ఖర్చులు కూడా రాక, నాటకపు దుస్తులు తాకట్టు పెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చిందని రాశాడు. పాలకూర, మరణం, తాకట్టు ఈ ఉత్తరాల్లో ఒకే గొంతులో సాగిపోతాయి. రాసినవాడు వాటికి అలంకారం చేయలేదు. ప్లేగు ఏడాది గురించి ఎంత రాసినా ఈ సాదా కబుర్ల బరువు రాదు.

1598 సెప్టెంబర్ ఉత్తరంలో హెన్స్‌లో దుఃఖంతో మరో కబురు రాశాడు. తన బృందంలోని గేబ్రియల్ స్పెన్సర్‌ను బెంజమిన్ జాన్సన్ హాక్స్‌టన్ పొలాల్లో చంపాడు. నాటకకర్త జాన్సన్‌నే అతను ‘తాపీమేస్త్రీ’ అని ప్రస్తావించాడు. కొన్నాళ్లకే హెన్స్‌లో ఆ తాపీమేస్త్రీకి మళ్లీ నాటకాల కోసం డబ్బు చెల్లించడం పద్దుల పుస్తకంలో చూడవచ్చు.

అన్నిటికన్నా మనసును పట్టే కాగితం 1613 ప్రాంతంలో జైలు నుంచి వచ్చింది. నటుడు నేథన్ ఫీల్డ్, రచయితలు రాబర్ట్ డేబోర్న్, ఫిలిప్ మాసింజర్ ముగ్గురూ అప్పుకింద చిక్కుకున్నారు. బయటపడడానికి ఐదు పౌన్లు కావాలి. తాము రాస్తున్న నాటకానికి హెన్స్‌లో నుంచి ఇంకా రావలసిన సొమ్ములోంచి ముందుగా ఇప్పించమని ఫీల్డ్ ఉత్తరం రాశాడు. కింద డేబోర్న్ తన చేత్తో తన మాట చేర్చాడు. ఆ కింద మాసింజర్ తన మాట రాశాడు. మూడు రాతలు, మూడు వినతులు, ఒకే కాగితం. అడుగున ఐదు పౌన్లు అందినట్టు రశీదు ఉంది. అడగడం, ఇవ్వడం, అందుకోవడం మూడూ కలిసి అక్కడే ముగిశాయి.

డేబోర్న్ ఉత్తరాలు ఇంకా చాలా ఉన్నాయి. 1613 ఏప్రిల్‌లో ఇరవై పౌన్లకు ఒక నాటకం రాస్తానని ఒప్పుకున్నాడు. గడువు దాటింది. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ ఒక సాకు, ఒక వాగ్దానం, ఇంకొంచెం సొమ్ము కోసం ఒక ప్రార్థన. మరో నాటకంలో ఒక అంకాన్ని సిరిల్ టర్నర్ చేత రాయిస్తున్నానని ఒక ఉత్తరంలో చెప్పాడు. ఇంకో దాంట్లో హెన్స్‌లో మనిషి వచ్చేసరికి చివరి సన్నివేశాన్ని శుభ్రప్రతిగా ఎత్తిరాస్తున్నానని, నమ్మకం కోసం చిత్తుప్రతి, శుభ్రప్రతి రెండూ పంపుతున్నానని రాశాడు. నాటకం చిత్తు నుంచి శుభ్రప్రతికి ఎలా చేరేదో, ఆ దారిలో రచయిత భుజం మీద ఎంత ఒత్తిడి ఉండేదో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం దొరకదు.

హెన్స్‌లో మంచివాడని ఈ సేకరణ నిరూపించాలని చూడదు. నటులు అతని మీద రాసిన ఫిర్యాదుల పత్రం కూడా ఇందులోనే ఉంది. వాళ్లు అప్పులోంచి బయటపడితే తన మాట వినరని హెన్స్‌లో అన్నట్టు అందులో ఆరోపించారు. తనకు ప్రతికూలమైన కాగితం కూడా తన కాగితాల మధ్యనే మిగలడం ఈ సేకరణ నిజాయితీకి గుర్తు.

కల్తీ, శుద్ధి

ఇంత విలువైన కాగితాలకు మనుషుల చేతిలో హాని కూడా జరిగింది. ప్రసిద్ధుల సంతకాల మోజుతో పద్దుల పుస్తకంలోంచి ముక్కలు కత్తిరించుకుపోయారు. ఆ ముక్కలు కొన్ని తరువాత వేరే గ్రంథాలయాల్లో బయటపడ్డాయి. పద్దెనిమిదో శతాబ్దంలో షేక్‌స్పియర్ పండితుడు ఎడ్మండ్ మలోన్ పుస్తకాన్ని తన దగ్గర ఉంచుకుని భాగాలు అచ్చు వేశాడు. అతను అచ్చువేసిన 1598 నాటి సరంజామా జాబితాల అసలు ప్రతులు తరువాత కనబడకుండా పోయాయి. నరకపు నోరు, రోమ్ నగరం, బంగారు ఆపిళ్ల చెట్టు, సెర్బెరస్ కుక్క మూడు తలలు, ఫాస్టస్ కోసం ఒక డ్రాగన్ లాంటి వస్తువుల ఆ జాబితా ఈనాడు మనకు మలోన్ అచ్చులోనే ఉంది.

అంతకన్నా పెద్ద గాయం జాన్ పేన్ కోలియర్ చేసింది. 1840లలో అతను అలెన్ జీవితచరిత్ర, ఉత్తరాలు, పద్దుల పుస్తకం అచ్చువేశాడు. ఆ క్రమంలో పాత కాగితాల మీద కొత్త రాతలు చేరాయి, ఉన్న ఉత్తరాల్లో లేని మాటలు వెలిశాయి. 1603 అక్టోబర్‌లో జోన్ భర్తకు రాసిన ఉత్తరం చిరిగిపోయి ఉంది. ఆ చిరుగు చోట గ్లోబ్‌కు చెందిన షేక్‌స్పియర్ ప్రస్తావన ఉందని కోలియర్ అచ్చు వేశాడు. ఆ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. ఈ సేకరణలోని అసలైన రాతల్లో షేక్‌స్పియర్ పేరు ఎక్కడా రాదు. ఆ లోటు పూడ్చాలన్న ఆశే ఆ మోసానికి మూలం.

దీన్ని కడిగిన పని కూడా గొప్ప పనితనమే. 1881లో జార్జ్ వార్నర్ డల్విచ్ రాతప్రతుల సూచిక తయారుచేస్తూ సిరా, రాత, కాగితం ఒక్కొక్కటీ పరిశీలించి దొంగరాతలను వేరుచేశాడు. తరువాత డబ్ల్యు. డబ్ల్యు. గ్రెగ్ 1904, 1908లలో పద్దుల పుస్తకాన్ని రెండు సంపుటాలుగా, 1907లో మిగతా కాగితాలను ప్రచురించాడు. 1961లో ఫోక్స్, రికర్ట్‌ల ప్రతి వచ్చింది. ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం వదలకుండా, అనుమానం ఉన్నచోట అనుమానమనే చెప్పి ప్రచురించడం చిన్న పని కాదు. ఓర్లాండో పోర్షన్‌లో తెలియని పదం దగ్గర ఖాళీ వదిలిన ఆ పేరులేని లేఖకుడి క్రమశిక్షణే వీళ్లదీ.

చివరికి నేల కూడా సాక్ష్యం పలికింది. 1592లో రోజ్ నాటకశాల పనులకు తాను పెట్టిన ఖర్చును హెన్స్‌లో పుస్తకంలో వివరంగా రాశాడు. సున్నం, ఇసుక, మేకులు, చెక్కలు, కప్పు గడ్డి నేసేవాడికి కూలి, వేదికకు రంగు, మొత్తం వంద పౌన్లకు పైన. అది చిన్న మరమ్మతా, పెద్ద మార్పా అన్నది చాలాకాలం తేలలేదు. 1989లో సదర్క్‌లో కొత్త భవనం కోసం తవ్వుతుండగా రోజ్ పునాదులు బయటపడ్డాయి. అందులో రెండు దశలు స్పష్టంగా కనిపించాయి. మొదట కట్టింది ఒకటి, తరువాత ఉత్తరం వైపు పెంచి, వేదికను వెనక్కి జరిపి, మరింత మంది పట్టేలా చేసింది ఇంకొకటి. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట కూలికీ మేకులకూ రాసిన లెక్క మట్టిలో రుజువైంది.

డల్విచ్ కాగితాలు చదివితే షేక్‌స్పియర్ గురించి కొత్త సంగతి తెలుస్తుందని ఆశపడేవారికి నిరాశే. ఆయన పనిచేసిన ప్రపంచం ఎలా నడిచిందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం ఇంతకు మించిన చోటు లేదు. వడ్రంగి, లేఖకుడు, దర్జీ, ఆడవేషాల కుర్రవాడు, అప్పుల్లో కూరుకున్న రచయిత, లెక్క తప్పని వడ్డీవ్యాపారి కలిసి ఆ మహాయుగాన్ని నిలబెట్టారు. ఈ సేకరణ ఆ పనివాళ్ల చరిత్ర. ఇప్పుడు డల్విచ్ వరకూ వెళ్లనక్కరలేదు. గ్రేస్ అయోపోలో సారథ్యంలో ఈ కాగితాల ఛాయాచిత్రాలు అంతర్జాలంలోకి వచ్చాయి, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ముందుగా ఓర్లాండో పోర్షన్ చూడండి, తరువాత జైలు ఉత్తరం, ఆ తరువాత పద్దుల పుస్తకంలో 1594 పుటలు. రాత మొదట కష్టంగానే ఉంటుంది, గ్రెగ్ అచ్చుప్రతిని పక్కన పెట్టుకుంటే నాలుగైదు పుటలకు కన్ను అలవాటు పడుతుంది. నాటకాన్ని ప్రేమించేవారు ఒక్కసారైనా చేయవలసిన చదువు ఇది.